బడిపంతులు బడలిక

(ప్రసంగ పాఠము)

మా చిన్ననాడు మా ఊరి బడిలో లెక్కలు చెప్పిన పంతులుగారొకరు ఉండేవారు. చింతగింజలు చేతిలో పోసి కూడికలు నేర్పిన మనిషి. తీసివేత రాని పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నీ జేబులో ఐదు రేగుపళ్లున్నాయి, దోవలో మూడు తినేశావు, మీ చెల్లెలికి ఏం మిగిలిందిరా?" అని నవ్వించి నేర్పిన మనిషి. పదియేండ్ల తరువాత మా తమ్ముడు అదే బడిలో అదే పంతులుగారి వద్ద చదివినాడు. వాడు ఇంటికి వచ్చి చెప్పిన పంతులుగారు మాత్రము వేరొకరు. కుర్చీలో కూర్చుండి, ఎవరి ముఖమును చూడక, ప్రశ్నలకు జవాబులు వ్రాయించి, గంట కొట్టగానే లేచిపోవు మనిషి. "ఆయనకు పిల్లలమీద మనసు లేదు, జీతం రాళ్ల కోసం వస్తున్నాడు" అని మా ఇంట పెద్దలన్నారు. మేమును అట్లే అనుకొన్నాము.

మేము రేడియో కొలువులో చేరిన తరువాత ఒక పెండ్లి పందిటిలో ఆయన కనిపించినారు. అప్పటికి పని విరమించి రెండేండ్లయినది. ఆ మాటా ఈ మాటా అయిన తరువాత చివరి యేండ్ల సంగతి వచ్చినది. "పాఠం చెప్పడానికి నోరు లేచేది గాని నాయనా, లోపలినుంచి ఏమీ లేచేది కాదు" అన్నారాయన. సోమరి మాట్లాడు మాట కాదది. అది ఏమి మాటయో తెలిసికొనుటకు మాకు చాలకాలము పట్టినది. తెలిసికొన్నది మా శ్రోతలతో పంచుకొనవలెనని ఈ ప్రసంగము.

ఆ స్థితికి లోకములో పేరు పుట్టినది 1974లో. న్యూయార్కు నగరములో మత్తుమందులకు లోనైన యువకులకు ఉచితముగా చికిత్స చేయు కేంద్రమొకటి ఉండెడిది. అందు పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్, అక్కడికి ఉత్సాహముతో వచ్చిన కార్యకర్తలు కొన్ని మాసములకే నీరసించి, చిరాకుపడుచు, ఎవరికొరకై వచ్చినారో వారినే తప్పించుకొని తిరుగుట గమనించినాడు. తానును అదే స్థితికి లోనైనాడు. దానికి ఆయన వాడిన మాట 'బర్నౌట్'. కాలి బూడిదగుట అని అర్థము. మన ఇండ్లలో దీపము పెట్టువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చమురున్నంతవరకు దీపము వెలుగును. చమురైపోయిన తరువాత వత్తియే కాలును. వెలుగు తగ్గి పొగ మిగులును.

1981లో కాలిఫోర్నియాలోని క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అను ఇద్దరు పండితురాండ్రు ఈ స్థితిని కొలుచుటకు 22 వాక్యముల ప్రశ్నావళిని ప్రకటించినారు. తరువాత ఉపాధ్యాయులకై దాని ప్రతి వేరుగా సిద్ధమైనది. వారు చెప్పిన లక్షణములు మూడు. మొదటిది, మనసులోని సత్తువ హరించిపోవుట. రాత్రి నిద్రపోయినను తెల్లవారి లేచునప్పటికే అలసట. ఆదివారము సాయంకాలము కాగానే గుండెలో బరువు. రెండవది, ఎవరికొరకు పనిచేయుచున్నామో వారు మనుష్యులుగా గాక వస్తువులుగా తోచుట. తరగతిలోని నలుబది ముఖములు నలుబది అంకెలగును. పిల్లవాడు ఏడ్చినను 'మరొక గొడవ' అనిపించును. మూడవది, తాను చేసినదంతయు వ్యర్థమను భావము. ఇరువది యేండ్లు పాఠములు చెప్పి, ఒక్కనికైనను మేలు చేసితినా అని తన్ను తానే ప్రశ్నించుకొనుట.

వీనితోపాటు తలనొప్పి, నిద్రలేమి, చిన్న తప్పునకే పెద్ద కోపము, తోటివారితో మాట తగ్గుట, సెలవులమీద సెలవులు పెట్టుట కనిపించవచ్చును. సోమరితనమునకు దీనికి భేదమున్నది. సోమరి దీపము ఎన్నడును వెలిగియుండదు, వెలిగినదే కాలిపోవును. కనుక మొదట మిక్కిలి శ్రద్ధతో పనిచేసినవారే తరచుగా దీనికి చిక్కుదురు. మనోవ్యాకులతయను వ్యాధితో దీనికి చుట్టరికము కలదు గాని రెండును ఒకటి కావు. వ్యాధి జీవితమునంతటిని కప్పును. ఈ బడలిక ముందుగా పనిని అంటిపెట్టుకొనియుండును. ఎంతకును తగ్గనిచో వైద్యుని చూడవలసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో దీనిని ప్రస్తావించుచు, ఇది రోగము కాదనియు, పనిచోట దీర్ఘకాలము సవరింపబడని ఒత్తిడివలన కలుగు స్థితియనియు చెప్పినది. ఈ మాట చిన్నది కాదు. కారణమును మనిషిలో మాత్రమే వెదకుట చాలదు, పనిలో వెదకుడని దాని భావము.

పేరు కొత్తదైనంత మాత్రమున బాధ కొత్తది కాదు. బడి ఎట్లు నడిపిన పంతులు కాలిపోవునో తెలియవలెనన్న నూటయేబది సంవత్సరములు వెనుకకు పోవలెను. ఆ కథలో సగము ఇంగ్లండులోను, సగము మన మద్రాసు రాజధానిలోను జరిగినది.

మొదట మన అరుగు బడిని చూతము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలలోని బడుల లెక్కలు పంపుడని కలెక్టర్లకు వ్రాసినాడు. 1826 మార్చి 10వ తేదీని ఆయన వ్రాసిన నివేదికలో రాజధాని అంతటను 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లున్నది. బడికి సగటున 15 మంది. పంతులు రాబడి సాధారణముగా నెలకు 6, 7 రూపాయలకు మించదని మన్రో వ్రాసి, అంత కొద్దిపాటి రాబడికి యోగ్యులు ఈ వృత్తికి రారని విచారించినాడు. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో తెలుగు, కన్నడ బడుల దినచర్య కనిపించును. ఉదయము అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత 'సరస్వతి' అని వ్రాసెడివారట. రెండవవానికి సున్న. ఆ తరువాత వచ్చినవారికి బెత్తపు దెబ్బలు, వరుసనుబట్టి ఒక్కొక్కటి పెరుగుచు పోవును.

ఆ అరుగును బంగారు అరుగని మేము చెప్పబోము. ఆ 1,88,650 మందిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. అంటరానివారని దూరముంచిన కులముల పిల్లలకు అక్కడ చోటు లేకుండెను. దెబ్బలకు కొదవ లేదు. పంతులు పేదవాడు. అయినను ఒక్క సంగతి గమనింపదగినది. పంతులు ఎవరికి జవాబుదారియో వారు ఆయనకు తెలిసినవారు. ఫలానా రైతు కొడుకు ఎంత నేర్చినాడో ఊరికి తెలియును. ఫలానా పిల్లవాడు జ్వరపడి నెలదినములు రాలేదనియు తెలియును. ఏడాది శ్రమనంతటిని ఒక్కపూటలో తూచి వెల కట్టు పరాయి మనిషి ఇంకను రాలేదు.

ఈ అరుగు బడికి ఇంగ్లండు బడితో చుట్టరికము ముందే కలిసినది. మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమమునకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు, ఇక్కడి వీథిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచినాడు. తన ఆశ్రమములో పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించి ఒక పద్ధతి నిర్మించి 1797లో లండనులో పుస్తకముగా ప్రకటించినాడు. అక్కడ దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు వచ్చినది. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి చదువు చెప్పవచ్చునన్న ఆశయే దాని ఆకర్షణ. ఇక్కడినుండి అక్కడికి ఇసుకలోని అక్షరము పోయినది. డెబ్బది యేండ్లకు అక్కడినుండి ఇక్కడికి తిరిగి వచ్చినది మాత్రము ఒక లెక్కల పుస్తకము.

1846లో ఇంగ్లండు ప్రభుత్వము కే షటిల్‌వర్త్ ప్రేరణతో ఉపాధ్యాయులను తీర్చిదిద్దుటకు పూనుకొన్నది. 13 ఏండ్ల బాలబాలికలను ఐదేండ్లపాటు పంతులు వద్ద శిష్యులుగా ఉంచి, వారిలో యోగ్యులను శిక్షణ కళాశాలలకు పంపెడివారు. అర్హతాపత్రము పొందిన పంతులు జీతమునకు ప్రభుత్వమే కొంత చేర్చెడిది. వార్ధక్యమున భృతి దొరకునన్న ఆశయు ఉండెను. పల్లెటూరి పేదవాని బిడ్డ గౌరవముగల వృత్తికి ఎక్కుటకు అదొక మెట్టు.

కాని ఖర్చు పెరిగినది. 1858లో న్యూకాజిల్ ప్రభువు అధ్యక్షతన నియమింపబడిన విచారణ సంఘము 1861లో నివేదిక ఇచ్చుచు, పంతుళ్లు పెద్ద పిల్లలమీద శ్రద్ధ పెట్టి చిన్నవారిని విడిచిపెట్టుచున్నారని ఆక్షేపించినది. ఆ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. విద్యాశాఖను చూచుచుండిన రాబర్ట్ లో అను మంత్రి దానికి మందు కనిపెట్టినాడు. చదువు చవుకగా రానిచో నాణ్యముగా రావలెను, నాణ్యముగా రానిచో చవుకగానైన రావలెను. ఇదీ ఆయన వాదము. 1862లో వచ్చిన 'సవరించిన నియమావళి'కి అదే పునాది.

ఆ నియమావళి లెక్క వినదగినది. హాజరు సగటునుబట్టి పిల్లవానికి 4 షిల్లింగులు. ఆరేండ్లు దాటి, 200 పూటలకు మించి బడికి వచ్చినవానికి మరి 8 షిల్లింగులు. కాని ఈ ఎనిమిదియు ఊరక రావు. ఏడాదికొకసారి ప్రభుత్వ పరీక్షాధికారి వచ్చి ప్రతి పిల్లవానిని చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటను విడివిడిగా పరీక్షించును. ఒక్కొక్క దానిలో తప్పినందుకు 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. మూడును తప్పిన 8 షిల్లింగులును పోయినవి. పంతులు జీతమునకు ప్రభుత్వము నేరుగా చేర్చు సొమ్ము నిలిచిపోయినది. భృతి ఆశ అడుగంటినది. గ్రాంటు బడి యాజమాన్యమునకు పోవును. పంతులు జీతములో ఒక భాగము ఆ గ్రాంటుమీద ఆధారపడుట సర్వసాధారణమైనది.

తరగతులు ఆరు. మొదటి తరగతివాడు చిన్నచిన్న మాటల కథ చదివి, పలకమీద అక్షరములు వ్రాసి, ఇరువదివరకు అంకెలు గుర్తింపవలెను. ఆరవ తరగతివాడు వార్తాపత్రికలోని ఒక పేరా చదువవలెను, అట్టిదే మరొక పేరా చెప్పగా వ్రాయవలెను. పైకి చూడ ఇందు చెడ్డ ఏమున్నది? పేదవాని బిడ్డ నిజముగా చదువ నేర్చినాడో లేదో చూచుట తప్పా? తప్పు కాదు. కాని ఏది డబ్బు తెచ్చునో అదియే చదువయినది. చరిత్రకు, భూగోళమునకు, పాటకు, బొమ్మకు పెన్నీ రాదు. తెలివైన పిల్లవాడు ముందే మూడింటను గట్టివాడు. వానిమీద శ్రమపడిన అదనముగా వచ్చునదేమియు లేదు. మందబుద్ధిని మాత్రము 2 షిల్లింగుల 8 పెన్నీలకై ఏడాది పొడుగునను సానబట్టవలెను. పిల్లలు వాచకమును వల్లించి వల్లించి, పుస్తకము తలక్రిందుగా పట్టుకొని కూడ తప్పులేక 'చదివిన' సంగతి ఆనాటివారు వ్రాసినారు. జబ్బుపడిన పిల్లలను సైతము పరీక్షనాడు బడికి రప్పించిన సంగతులున్నవి. రానిచో ఆ పిల్లవాని 8 షిల్లింగులు పోవును గదా!

ఖజానాకు లాభమే కలిగినది. 1861లో 8 లక్షల 13 వేల పౌనులకు పైబడిన విద్యా గ్రాంటు 1865 నాటికి 6 లక్షల 36 వేలకు దిగినది. పంతుళ్ల శిష్యులుగా చేరు బాలబాలికల సంఖ్యయు తగ్గినది. ఇదంతయు కన్నులార చూచినవారిలో కవి మాథ్యూ ఆర్నాల్డు ఒకడు. 1851 నుండి 1886 వరకు 35 ఏండ్లు ఆయన బడుల పరీక్షాధికారి. 1862 మార్చిలోనే, తాను కొలువుచేయు శాఖ తెచ్చిన నియమావళిని విమర్శించుచు ఒక పత్రికలో వ్యాసము వ్రాసినాడు. తరువాతి నివేదికలలోను బడులలో జీవకళ తగ్గినదనియు, బోధన యంత్రమువలె మారినదనియు చెప్పుచు వచ్చినాడు. వినినవారు కొందరే. ఆ నియమావళి సడలుట 1890లో మొదలై, పూర్తిగా పోవునప్పటికి ఇంచుమించు ఆ శతాబ్దమే అయిపోయినది.

ఇక మన సగము కథ. 1860వ దశకములోనే ఫలితమునుబట్టి చెల్లింపు మద్రాసు రాజధాని నియమములలోనికి వచ్చి చేరినది. అరుగు బడిని ప్రభుత్వ పద్ధతిలోనికి తెచ్చుటకు అదొక సాధనమైనది. పిల్లల తండ్రులు ఇచ్చు ధాన్యముతో, పండుగ మామూళ్లతో జీవించిన పంతులు ఇప్పుడు ఇనస్పెక్టరు రాకకై ఎదురుచూడవలసినవాడైనాడు. పిల్లలెందరు, ఏ పాఠములో ఎందరు నెగ్గిరి అన్నదానిమీద ఆయన ఇంటి పొయ్యి ఆధారపడినది. 1882లో హంటరు అధ్యక్షతన కూర్చున్న విద్యా సంఘము, ఈ పద్ధతి కళాశాలలకు తగదనుచునే, ప్రాథమిక స్థాయిలో దేశీయ బడులకు మాత్రము తగునన్నది. పెద్ద చదువుకు హానియైనది చిన్న చదువుకు మేలెట్లగునో ఇప్పుడు చదువువారికి బోధపడదు. 1904లో కర్జన్ ప్రభుత్వము ప్రకటించిన విద్యా తీర్మానము ఈ పద్ధతిని విడువుమని చెప్పినది. అంతటితో డబ్బు లెక్క తెగినది. భయము మాత్రము తెగలేదు. 'ఇనస్పెక్టరుగారు వస్తున్నారు' అన్న మాట వినగానే గోడకు సున్నము, పిల్లలకు వల్లెవేత, పంతులుకు గుండెదడ ఎన్నో తరములవరకు మిగిలినవి.

ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడును భయపెట్టెనని అనరాదు. ఒక విపరీతమైన ఉదాహరణ మన తెలుగుదేశములోనే ఉన్నది. 1907 ప్రాంతమున విశాఖపట్నము మండలమునకు పాఠశాలల పరీక్షాధికారిగా ఉండిన జె. ఏ. యేట్స్ దొర తెలుగు నేర్చుకొనుచు, మాటాడు తెలుగునకు పుస్తకములోని తెలుగునకు ఇంత భేదమెందుకని సందేహపడినాడు. ఆ సందేహమును మన పండితులముందు పెట్టినాడు. గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తిగారు ఆ చర్చలో చేరినారు. వ్యావహారిక భాషోద్యమము అక్కడినుండి ఊపందుకొన్నది. గిడుగువారు అప్పటికి పర్లాకిమిడిలో ఇరువదియైదేండ్లకు పైగా పాఠములు చెప్పినవారు. 1911లో పని విరమించిన తరువాత కూడ వారి ఉత్సాహము తగ్గలేదు, పెరిగినది. ఒకే అధికారము, ఒకే కుర్చీ. ఎందరు నెగ్గిరని అడుగుట ఒకటి. నీవేమనుకొనుచున్నావని అడుగుట వేరొకటి. రెండవ ప్రశ్న పంతులును మనిషిగా నిలుపును.

మొదటి ప్రశ్న ఏమి చేయునో చూడవలెనన్న 1915లో వెలువడిన 'ది రెయిన్‌బో' నవలను చూడవచ్చును. రచయిత డి. హెచ్. లారెన్సు 1908 నుండి 1911 వరకు లండను సమీపమున క్రోయిడనులో బడిపంతులుగా పనిచేసినవాడు. ఆ నవలలో అర్సులా అను యువతి పిల్లలందరిని ప్రేమతో తనవారినిగా చేసికొందునని బడిలో చేరును. గది నిండ పిల్లలు. తల ఎత్తిన తప్పుపట్టు ప్రధానోపాధ్యాయుడు. కొన్ని వారములకే ఆమెకు పిల్లలు ఒక్కొక్కరుగా కనిపించుట మాని, ఒక గుంపుగా కనిపింపసాగిరి. తుదకు ఒక కుర్రవానిని బెత్తముతో కొట్టి తరగతిని లొంగదీయును. పని నిలిచినది, ఆమెలో ఏదియో తెగినది. మాస్లాక్ చెప్పిన రెండవ లక్షణమును అరువది యేండ్లకు పూర్వమే నవలాకారుడు చూపినాడు.

మరి నాలుగేండ్లు ముందుగా, 1911లో, ఎడ్మండ్ హోమ్స్ అను ఆయన ఒక పుస్తకము ప్రకటించినాడు. ఆయన 1875 నుండి పరీక్షాధికారి; చివరకు ప్రాథమిక పాఠశాలల ప్రధాన పరీక్షాధికారి. పని విరమించి, ఫలితమునుబట్టి చెల్లింపు బడులకు చేసిన హానిని విప్పి చెప్పి, ఆ యంత్రమును నడపినవారిలో తానును ఒకడనని ఒప్పుకొన్నాడు. అట్టి ఒప్పుకోలు అధికారులలో అరుదు. ఆయన వాదములోని సారమిది: పంతులు చేతులు కట్టివేసిన, ఆయన పిల్లల చేతులు కట్టివేయును, మీదినుండి వచ్చిన అపనమ్మకము మెట్టుమెట్టు దిగి పలక పట్టినవానివరకు వచ్చును.

ఇంతవరకు చరిత్ర. ఇప్పుడు దీనిని నేటి శాస్త్రము చెప్పు కారణములతో సరిపోల్చి చూతము. 1997లో మాస్లాక్, మైకేల్ లైటర్ అనువారు మనిషికి పనికి పొంతన చెడు తావులు ఆరింటిని చూపినారు. పని భారము, పనిమీద అధికారము, దక్కు ప్రతిఫలము, తోటివారి తోడు, న్యాయము, విలువలు. 1862 నాటి నియమావళిని ఈ ఆరింటితో తూచినచో ఒక్కటియు తప్పిపోదు. నిండిన గదులు, నింపవలసిన పట్టికలు భారము పెంచినవి. ఏమి చెప్పవలెనో పైవారే నిర్ణయించిరి, అధికారము పోయినది. ప్రతిఫలము 2 షిల్లింగుల 8 పెన్నీల కోతగా మారినది. జీతము గ్రాంటుమీద ఆధారపడినప్పుడు బడికి బడి పోటీ, తోడు పోయినది. జ్వరపడిన బిడ్డకు పంతులు బాధ్యుడైనాడు, న్యాయము పోయినది. చదువనగా పుస్తకముమీద ప్రేమ అని నమ్మినవాడు పుస్తకమును వల్లింపజేయవలసి వచ్చినది, విలువ పోయినది. ఆరు తావులలోను చమురు కారిపోవు దీపము ఎంతకాలము వెలుగును?

ఉపాధ్యాయ వృత్తికి ప్రత్యేకమైనవి మరి రెండున్నవి. అమెరికా సమాజ శాస్త్రజ్ఞుడు డాన్ లోర్టీ 1975లో చెప్పినట్లు, పంతులుకు ముఖ్యమైన కూలి మనసుకు దక్కునదే. పిల్లవాని కన్నులలో మెరసిన తెలివియే ఆ కూలి. వడ్రంగి సాయంకాలమునకు తలుపు చూచుకొనును. పంతులు చేసిన తలుపు ఇరువది యేండ్లకు గాని తెరచుకొనదు, తెరచుకొన్న సంగతి ఆయనకు తెలియకనే పోవచ్చును. రెండవది, 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అను పండితురాలు విమానములలో పరిచర్య చేయు యువతులనుగూర్చి వ్రాయుచు చూపిన సంగతి. లోపల లేని భావమును ముఖముమీద నిలుపుటయు ఒక శ్రమయే. ఇంటిలో జబ్బుమనిషిని విడిచి వచ్చిన ఉపాధ్యాయురాలు గడప దాటగానే నలుబదిమందికి నవ్వు ముఖము చూపవలెను. ఆ శ్రమకు కాలమానపట్టికలో గంట లేదు.

మన దేశములో 1962 నుండి సెప్టెంబరు 5వ తేదీని ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నాము. అది 1931 నుండి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడైయుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారి జన్మదినము. ఆనాడు పూలదండ వేయుట మంచిదే. తక్కిన దినముల సంగతి చట్టము కూడ చూచినది. 2009లో చేసి 2010 ఏప్రిలు 1 నుండి అమలుపరచిన విద్యాహక్కు చట్టము ఐదవ తరగతివరకు 30 మందికి ఒక ఉపాధ్యాయుడు, ఆపైన ఎనిమిదవ తరగతివరకు 35 మందికి ఒకరు ఉండవలెనన్నది. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధింపని పనులకు ఉపాధ్యాయులను పంపరాదన్నది. ఈ రెండు నిబంధనలు పంతులు మనసును కాపాడు నిబంధనలు కూడనని మేము తలచెదము. ఇంగ్లండులోనైతే, బడిని ఒక్క మాటలో తేల్చి చెప్పు తీర్పును ప్రభుత్వ పాఠశాలల విషయమున 2024 సెప్టెంబరులో తీసివేసినారు. ఆర్నాల్డు వ్యాసమునకు అప్పటికి 162 ఏండ్లు.

చట్టములు చేయునది చట్టసభ. మన ఇండ్లలో మనము చేయగలది లేదా? కలదు. పరీక్షా ఫలితములు వచ్చిన దినమున ఇండ్లలో వినబడు ప్రశ్న ఒకటే: 'ఎన్ని మార్కులు? ఎన్నవ ర్యాంకు?' ఆ ప్రశ్న పిల్లవానితో ఆగదు. బడికి పోవును, ప్రధానోపాధ్యాయుని గదికి పోవును, అక్కడినుండి తరగతిలోని పంతులు మెడకు చుట్టుకొనును. రాబర్ట్ లో వేసిన లెక్కను మనమే మరల వేయుచున్నాము. షిల్లింగులకు బదులు మార్కులు. పిల్లవాడు ఇంటికి రాగానే, 'ఇవ్వాళ మీ పంతులుగారు ఏమి చెప్పినారురా?' అని అడిగి, బాగున్నదన్న పాఠమునుగూర్చి ఆ పంతులుగారికే ఒక మాట చెప్పి చూడుడు. మా కేంద్రమునకు శ్రోతలు వ్రాయు ఉత్తరము ఒక్కటి వచ్చినచో ఎన్ని దినములు మాకు పని తేలికగా సాగునో మాకు తెలియును. కనబడని శ్రోతలతో మాటాడువారము మేము. కనబడుచున్నను పలుకని శ్రోతలతో మాటాడువారు వారు.

చివరగా, మా పంతులుగారి సంగతి. పెండ్లి పందిటిలో ఆయనను మేమడిగితిమి, ఆ పదియేండ్లలో ఏమి జరిగినదని. ఆయన ఎవరిని నిందింపలేదు. తోటి పంతులు బదిలీయై పోగా ఆ స్థానములోనికి ఎవరును రాలేదట. రెండు తరగతులు ఒక్క గదిలోనికి వచ్చినవట. తనిఖీకి వచ్చినవారు పట్టికలు చూచిరేగాని పాఠము వినలేదట. ఒక యేడు నలుగురు పిల్లలు తప్పినందుకు ఊరి పెద్దలు అరుగుమీద కూర్చుండి ఆయనను పిలిపించి అడిగిరట. "చింతగింజలు తీసుకెళ్లడం ఆ ఏడే మానేశాను" అన్నారు.

ఆ అరుగుమీద కూర్చున్న పెద్దలలో మా ఇంటి పెద్దలును ఉండిరి. ఆ సంగతి మాకు తెలియును, ఆయనకును తెలియును. మేమేమియు అనలేక, చింతగింజలతో ఆయన నేర్పిన కూడికలు నేటికిని మరువలేదని మాత్రము చెప్పితిమి. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎవరూ చెప్పలేదు నాయనా, ఇన్నాళ్లూ" అన్నారు.

మన ఊళ్లలో ఆ మాట వినక ఇంకను పనిచేయుచున్నవారున్నారు. వారు పని విరమించువరకు ఆగనక్కరలేదు.